1968 అంబాసిడర్ మార్క్ 2: డ్యాష్‌బోర్డు కోయకుండా బ్లూటూత్, నాలుగు స్పీకర్లు

నెల్లూరు_మార్క్2:
అందరికీ నమస్కారం. బండి 1968 అంబాసిడర్ మార్క్ 2. 1489 సీసీ పెట్రోలు ఇంజను, డైనమో (ఇంజనుతో తిరిగి కరెంటు తయారుచేసేది), కటౌట్ బాక్స్ (ఆ ఛార్జింగ్‌ని అదుపు చేసేది) అన్నీ పాతవే. డ్యాష్‌బోర్డులో రెండు నాబుల రేడియో ఉంది, మూగది. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాటలు, ఎఫ్‌ఎం, వీలైతే కాల్స్ కావాలి. ముందు రెండు, వెనక రెండు స్పీకర్లు. డ్యాష్‌బోర్డు రేకు మీద కొత్త కోత ఒక్కటి కూడా పడకూడదు. షాపులో అడిగితే "సింగిల్ డిన్ సెట్ పెట్టేద్దాం సార్, కొంచెం కట్ చేస్తే చాలు" అన్నారు (డిన్ అంటే ఇప్పటి కారు సెట్ల మామూలు సైజు). ఆ 'కొంచెం' దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

డైనమో_బాబాయ్:
సెట్ సంగతి తర్వాత. ముందు బానెట్ ఎత్తండి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే జడ లాంటి స్ట్రాప్ ప్లస్‌కి ఉందా, మైనస్‌కి ఉందా? లూకాస్ వైరింగ్ ఉన్న ఆ కాలం బళ్ళలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలపడం, మామూలే. ఈలోగా ఎవరో ఒకరు మార్చేసి ఉండొచ్చు కూడా. అందుకని పక్కింటి అంబాసిడర్‌లో ఎలా ఉందన్నది లెక్కలోకి రాదు, వైరు రంగునీ నమ్మొద్దు. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి నల్ల ప్రోబ్‌ని బాడీ మీద పెయింట్ లేని బోల్టుకి, ఎర్ర ప్రోబ్‌ని బ్యాటరీలో బాడీకి కలపని టెర్మినల్‌కి తాకించండి. 12 చూపిస్తే నెగటివ్ ఎర్త్, మైనస్ 12 చూపిస్తే పాజిటివ్ ఎర్త్.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఇప్పటి సెట్ల రేకు డబ్బా, ఏరియల్ వైరు పైజాలీ రెండూ మైనస్. పాజిటివ్ ఎర్త్ బండిలో ఆ డబ్బా డ్యాష్‌బోర్డుకి తగిలిందంటే నేరుగా షార్టే. పైగా సెట్‌తో వచ్చే ఫ్యూజ్ పసుపు వైరులో (ప్లస్‌కి వెళ్ళేది) ఉంటుంది, షార్ట్ కరెంటు పోయేది నల్ల వైరులోంచి. ఫ్యూజ్ చెక్కుచెదరదు, వైరు మాత్రం కాలుతుంది.

నెల్లూరు_మార్క్2:
చూశానండీ. మైనస్ 12.6. స్ట్రాప్ ప్లస్‌కే ఉంది.

డైనమో_బాబాయ్:
అయితే నెగటివ్ ఎర్త్‌కి మార్చుకోండి. సగం పూట పని, కోత ఏమీ లేదు, కావాలంటే మళ్ళీ వెనక్కి మార్చుకోవచ్చు.

బ్యాటరీ వైర్లు రెండూ విప్పండి, ఎర్త్ వైరు ముందు. బ్యాటరీని తిప్పి పెట్టండి. ప్లస్ పోస్టు మైనస్ కంటే కాస్త లావు కాబట్టి పాత క్లాంపుల్లో ఒకటి పట్టదు, ఇంకోటి వదులవుతుంది. సుత్తితో కొట్టి ఎక్కించకండి, క్లాంపులు కొత్తవి కొనండి. ఆంమీటర్ వెనక రెండు వైర్లు అటూ ఇటూ మార్చాలి, లేకపోతే ఛార్జ్ అవుతుంటే డిశ్చార్జ్ చూపిస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ (స్విచ్ వైపు), సీబీ (డిస్ట్రిబ్యూటర్ వైపు) వైర్లు కూడా తారుమారు చేయాలి. మార్చకపోయినా ఇంజను స్టార్ట్ అవుతుంది, స్పార్క్ మాత్రం బలహీనపడుతుంది. ఎందుకంటే స్పార్క్ ప్లగ్ మధ్య ఎలక్ట్రోడ్‌కి నెగటివ్ పోలారిటీ కావాలి.

చాలామంది మర్చిపోయేది డైనమో. దాని ఫీల్డ్ ఇనుములో మిగిలి ఉన్న అయస్కాంతత్వాన్ని కొత్త దిక్కుకి తిప్పాలి. డైనమో మీద డీ (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్) వైర్లు రెండూ విప్పేయండి. కొత్త పద్ధతిలో బ్యాటరీ కలిపాక ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కి రెండు మూడు సెకన్లు తాకించండి. నిప్పురవ్వ వస్తుంది, కంగారు పడొద్దు. తర్వాత డీ, ఎఫ్ వైర్లు వాటి చోట బిగించండి. ఈ పని చేయకుండా ఇంజను స్టార్ట్ చేస్తే డైనమో తిరుగుడు పోలారిటీలో కరెంటు తయారుచేసి కటౌట్ పాయింట్లని కాల్చేస్తుంది.

సెల్ఫ్ మోటారు, హారన్, బల్బులు, కటౌట్ బాక్స్ దేనికీ పోలారిటీతో పట్టింపు లేదు. తర్వాతెప్పుడో బిగించిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎల్‌ఈడీ బల్బులు ఉంటే వాటికి ఉంటుంది, ముందే విప్పండి. అంతా అయ్యాక ఇంజను వేగం పెంచి బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి. 13.8కీ 14.5కీ మధ్య రావాలి.

ఎర్త్‌వైరు:
బాబాయ్ గారూ, ఒక్క సెట్ కోసం బండి మొత్తం తిప్పేయాలా? ఐసొలేటెడ్ (ఇన్‌పుట్‌కీ ఔట్‌పుట్‌కీ లోపల వైరు సంబంధం లేని) డీసీ-డీసీ కన్వర్టర్ ఒకటి పెడితే సరిపోతుంది కదా. 12 వోల్టులు లోపలికి, 12 లేదా 13.8 బయటికి, 150 వాట్లది. ఔట్‌పుట్ మైనస్‌ని నిశ్చింతగా బాడీకి కలుపుకోవచ్చు, ఏరియల్‌కి కూడా ఇబ్బంది ఉండదు. బండి ఒరిజినల్ పాజిటివ్ ఎర్త్‌లోనే ఉంటుంది.

డైనమో_బాబాయ్:
సెట్ ఒక్కటే అయితే మీరన్నది నిజమే. ఆయనకి నాలుగు స్పీకర్లు కావాలి, రేపో మాపో యాంప్లిఫయర్ అడుగుతారు. అంత పెద్ద ఐసొలేటెడ్ కన్వర్టర్ ఖరీదు, వేడి, దాని ఈల మోత, అన్నీ తలనొప్పే. ఇంకోటి, ఆన్‌లైన్‌లో దొరికే చౌక కన్వర్టర్లు చాలావరకు ఐసొలేటెడ్ కావు. కొన్న వెంటనే మీటర్ కంటిన్యుటీలో పెట్టి ఇన్‌పుట్ మైనస్‌కీ ఔట్‌పుట్ మైనస్‌కీ మధ్య చూడండి. బీప్ వచ్చిందంటే లోపల రెండూ ఒకటే, ఈ పనికి పనికిరాదు.

వైజాగ్_పద్మిని:
పాజిటివ్ ఎర్త్‌గానే ఉంచుకునేవాళ్ళకి ఒక మాట. సిగరెట్ లైటర్ సాకెట్ ఉంటే అందులో అంచు ప్లస్, నడిబొడ్డు మైనస్. మామూలు ఫోన్ ఛార్జర్ గానీ ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ గానీ అక్కడ గుచ్చకండి.

ఆంపియర్_లెక్క:
ఎర్త్ తేలింది కాబట్టి కరెంటు లెక్క చూద్దాం. డైనమో రేకు మీద లూకాస్ సీ39 అని ఉంటే 19 ఆంపియర్లు, సీ40 మామూలు రకమైతే 22. హెడ్‌లైట్లు 45 వాట్లవి రెండు, సైడ్, టెయిల్, నంబరు ప్లేటు, మీటరు బల్బులు అన్నీ కలిపి 120 వాట్లు వేసుకోండి, అంటే 10 ఆంపియర్లు. కాయిల్ 3, వైపర్ 3. వానాకాలం రాత్రి 16 అయిపోయింది. 22లో మిగిలింది 6. అది కూడా ఇంజను పరిగెత్తుతున్నప్పుడే. ఐడిల్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ అంతా బ్యాటరీ మీదే.

ఇటు ఖర్చు చూడండి. సెట్ డబ్బా మీద "50 వాట్లు × 4" అని రాస్తారు. లోపలి ఐసీ (యాంప్లిఫయర్ చిప్) నిజంగా ఇచ్చేది ఛానల్‌కి 20 వాట్లు, అటూ ఇటూగా. మామూలు వాల్యూమ్‌లో సగటున 2 నుంచి 3 ఆంపియర్లు తాగుతుంది. డైనమో మోస్తుంది. ఛానల్‌కి 45 వాట్ల చిన్న క్లాస్ డీ యాంప్లిఫయర్ పెడితే సగటు 4, 5కి వెళ్తుంది, డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా 16 దాకా లాగుతుంది. పగలు పర్వాలేదు, రాత్రి వానలో బ్యాటరీ కరుగుతుంది. సబ్‌వూఫర్ ఆలోచన ఉంటే డైనమో బదులు ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేసేదాకా మరిచిపోండి.

వైజాగ్_పద్మిని:
ఆల్టర్నేటర్ వేయించేవాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు పాత వైరునే వాడటం. 45 ఆంపియర్ల కరెంటు 30 ఆంపియర్ల ఆంమీటర్ గుండా, బక్క వైరు గుండా పోతే ముందు మీటరు వెనక నట్టు వేడెక్కుతుంది, తర్వాత ఇన్సులేషన్ కరుగుతుంది. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 10 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగాలి. పాత కటౌట్‌ని సర్క్యూట్ నుంచి పూర్తిగా తప్పించి డబ్బా మాత్రం చూపుకి ఉంచుకోండి. ఆదివారం మాత్రమే తీసే బండికి ఇదంతా అక్కర్లేదని నా అభిప్రాయం.

నెల్లూరు_మార్క్2:
ఆల్టర్నేటర్ వద్దు. డైనమోతోనే సరిపెట్టుకుంటాను. మరి సెట్ ఎక్కడ పెట్టాలి?

పాటల_పెట్టె:
డిన్ సెట్‌కి కావలసిన కోత 182 × 53 మిల్లీమీటర్లు. మీ రెండు నాబుల రేడియోకి మధ్యలో చిన్న చీలిక, రెండు పక్కలా రెండు రంధ్రాలు, అంతే. అందులో ఇది పట్టదు, అందుకే షాపువాళ్ళు కట్ చేస్తామన్నారు.

దారులు మూడు. రెండు షాఫ్టుల దూరం సర్దుకునేలా తయారైన కొత్త సెట్లు అమెరికాలో రెట్రోసౌండ్ చేస్తుంది, పాత రంధ్రాల్లోనే కూర్చుంటాయి, కానీ దిగుమతి సుంకంతో కలిపి ధర కళ్ళు తిరుగుతుంది. రెండోది, మామూలు డిన్ సెట్‌ని గ్లవ్ బాక్స్ లోపల గానీ బెంచి సీటు కింద గానీ దాచి ఫోన్ నుంచే నడపడం. సీడీ లేని సెట్ కొంటే లోతు 100 మిల్లీమీటర్ల చిల్లరే. మూడోది, పాత రేడియోకే ప్రాణం పోయడం.

మీకు రెండోది చెప్తాను. సెట్‌ని రేకు ఎల్-బ్రాకెట్‌తో గ్లవ్ బాక్స్ లోపలి గోడకి బిగించండి, కాల్స్ మైకుని మాత్రం వైరుతో అద్దం పైకి లాగండి. పూర్తిగా ఇనుప డిక్కీలో పెడితే బ్లూటూత్ తెగిపోతుంటుంది. బ్లాపంక్ట్ బ్రెమెన్ ఎస్‌క్యూఆర్ 46 లాంటి పాత ముఖం సెట్లు చూసి మురిసిపోయేవాళ్ళకి ఒకటి: అదీ డిన్ సైజే, కోత తప్పదు. దాని డ్యాబ్ (డిజిటల్ ప్రసారాల) రేడియో మన దగ్గర దేనికీ పనికిరాదు.

ఎర్త్‌వైరు:
మూడో దారి అంత తేలిగ్గా కొట్టేయకండి. రేడియో ఔట్‌పుట్ స్టేజ్ బాగయ్యేదైతే వాల్యూమ్ పాట్ (నాబు వెనక ఉండే సర్దుబాటు రెసిస్టర్) పై కాలు దగ్గర ఆడియో ఎక్కించొచ్చు. ఎడమ, కుడి ఛానళ్ళకి చెరో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కలిపి, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా పాట్‌కి. మోనోనే వస్తుంది, ఆ రేడియోకి అంతే చాలు. బ్లూటూత్ మాడ్యూల్‌కి 5 వోల్టులు నేరుగా ఇస్తే లోపల సన్నగా కీచుమంటుంది. బీ0505ఎస్ అనే వేలెడంత ఐసొలేటెడ్ కన్వర్టర్ మధ్యలో పెడితే పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి.

రెండు జాగ్రత్తలు. ఆ కాలం జెర్మేనియం ట్రాన్సిస్టర్ రేడియోల్లో చాలావాటికి రేడియో డబ్బాయే ప్లస్. బండిని నెగటివ్ ఎర్త్‌కి మార్చాక దాన్ని యథాతథంగా ఆన్ చేస్తే ట్రాన్సిస్టర్లు పోతాయి. కొన్నిటికి వెనక పోలారిటీ మార్చే ప్లగ్గు ఉంటుంది, వెతకండి. ఇంకా, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియోని స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు.

పాటల_పెట్టె:
నిజమే, కానీ ఆయనకి ఎఫ్‌ఎం కూడా కావాలి. రాజీ మార్గం ఒకటుంది. రేడియోని అలాగే ఉంచి దాని వాల్యూమ్ నాబులోని ఆన్-ఆఫ్ స్విచ్ రెండు వైర్లు మాత్రం సర్క్యూట్ నుంచి విడదీసి, దాచిన సెట్ ఎర్ర వైరుకి (సెట్‌ని ఆన్ చేసేది) రిలే, అంటే చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్, నడపడానికి వాడుకోండి. నాబు 'టిక్' మనగానే లోపల కొత్త సెట్ లేస్తుంది. ఆ స్విచ్‌లోంచి రిలే కాయిల్ కరెంటు 150 మిల్లీఆంపియర్లే పోతుంది కాబట్టి అరిగిన పాయింట్లకీ భారం ఉండదు.

నెల్లూరు_మార్క్2:
ఈ ఐడియా అదిరింది! రిలేకి, సెట్‌కి కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలి? ఫ్యూజ్ బాక్సులో ఉన్నవి రెండే.

ఆంపియర్_లెక్క:
ఆ రెండు గాజు ఫ్యూజుల మీద 35 అని ఉంటుంది, మోసపోకండి. అది కరిగే రేటింగ్. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. ఆ లెక్క తెలియక ఈ కాలపు 35 బ్లేడ్ ఫ్యూజ్ పెట్టినవాళ్ళ వైరింగే కాలేది. లూకాస్ రంగుల్లో గోధుమ రంగు ఫ్యూజ్ లేని బ్యాటరీ వైరు, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజ్ దాటినది. రిలే కాయిల్‌కి ఆకుపచ్చ నుంచి తీసుకోండి, టెస్ట్ ల్యాంప్‌తో చూసుకుని. సెట్ అసలు కరెంటుకి పాత వైరింగ్‌ని ముట్టుకోవద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి కొత్తగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజ్. పసుపుకి నేరుగా, ఎర్రకి రిలే ద్వారా.

ఫైర్‌వాల్‌లో (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) వాడని పాత రంధ్రం ఏదైనా ఉంటే అందులోంచే వైరు లాగండి, రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేసి పోయే మెకానిక్‌ని దగ్గరికి రానివ్వొద్దు. నెల్లూరు ఎండకి ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. క్రింప్ లేదా సోల్డర్, పైన హీట్ ష్రింక్.

స్పీకర్_శాస్త్రి:
ఇక స్పీకర్లు. అన్నిటికంటే ముందు ఒక ప్రమాదం. పాత రేడియోకి స్పీకర్ ఒక వైరు బాడీకే కలిపి ఉంటుంది. కొత్త సెట్లలో స్పీకర్ రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది, ఏదీ ఎర్త్ కాదు. పాత స్పీకర్ వైరుకి కలిపితే ఔట్‌పుట్ ఐసీ పోతుంది. నాలుగు స్పీకర్లకీ రెండేసి వైర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్లవి, కొత్తగా లాగండి. సెట్ రంగులు: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది ఆ ఛానల్ మైనస్.

వెనక పార్సెల్ ట్రే సులువు. ఒరిజినల్ ట్రే అట్టని తీసి భద్రంగా దాచండి. దాని కొలతకే 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ కోసి, అందులో 6×9 ఓవల్ స్పీకర్లకి కటింగ్ వేయండి. కటింగ్ కొలత స్పీకర్ డబ్బాలో వచ్చే అట్ట నమూనాతోనే గీయండి, బ్రాండుకో రకం. పాత అట్ట మీదే బిగిస్తే అట్టే మోగుతుంది, పాట వినబడదు. సీటు వెనక డిక్కీలోకి తెరిచి ఉన్న సందులు ఫోమ్‌తో, ప్లైవుడ్‌తో మూసేయండి. స్పీకర్ ముందు గాలీ వెనక గాలీ కలిసిపోతే బేస్ మిగలదు. వందల రూపాయల ఫోమ్ చేసే పని వేల రూపాయల యాంప్లిఫయర్ చేయలేదు.

ముందువైపు తలుపులు కోయొద్దు. కాళ్ళ దగ్గర పక్క గోడలకి ప్లైవుడ్ పెట్టెలు చేయించి 5.25 అంగుళాల స్పీకర్లు పెట్టండి. క్లచ్ పాదానికి, డోర్ తెరిచే చేతికి తగలకుండా ముందు అట్టముక్కతో నమూనా చేసి కూర్చుని చూసుకోండి. కొంచెం పైకి, ఎదుటి సీటు వైపు తిప్పితే గొంతు స్పష్టంగా వస్తుంది. సెన్సిటివిటీ 90 డెసిబెల్స్ దాటినవి ఎంచుకోండి, 20 వాట్లతోనే బండి నిండుతుంది. 87కీ 90కీ తేడా 3 డెసిబెల్స్, అంటే సగం వాట్లకే అదే మోత. డైనమో బండికి ఇంతకంటే చవకైన యాంప్లిఫయర్ లేదు.

బిగించాక 1.5 వోల్టుల సెల్ తీసుకుని ఒక్కో స్పీకర్ వైర్లకి సెట్ వైపు నుంచి తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలినప్పుడు కోన్ బయటికి కదలాలి. ఒకటి లోపలికి పోతే దాని వైర్లు తారుమారు. ఈ పరీక్ష సెట్ ప్లగ్ పీకేశాకే.

నెల్లూరు_మార్క్2:
అంతా అయింది. ఎర్త్ మార్చాం, సెట్ గ్లవ్ బాక్సులో, స్పీకర్లు మీరు చెప్పినట్టే. ఇంజను ఆపి ఉంటే అద్భుతం. స్టార్ట్ చేస్తే రెండు చప్పుళ్ళు. ఇంజను వేగంతో పెరిగే 'కుయ్య్' ఒకటి, 'టకటక' ఒకటి. ఎఫ్‌ఎంలో టకటక ఎక్కువ. బ్లూటూత్‌లో కుయ్య్ మాత్రమే.

ఎర్త్‌వైరు:
రోగం మీరే చెప్పేశారు. బ్లూటూత్‌లో కూడా వచ్చేది కరెంటు వైర్ల నుంచో ఎర్త్ నుంచో. ఎఫ్‌ఎంలో మాత్రమే వచ్చేది ఏరియల్ గాలిలోంచి పట్టుకునేది, అంటే ఇగ్నిషన్.

కుయ్య్‌కి: సెట్ నల్ల వైరు ఎక్కడ కలిపారు? డ్యాష్‌బోర్డు స్క్రూకి అయితే తీసేయండి. పెయింట్ గీకిన బాడీ మీద స్టార్ వాషర్ వేసి బిగించండి. ఇంజను నడుస్తుండగా, పాట పెట్టి, ఆ చోటుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. 0.1 దాటితే ఆ చోటు గానీ బ్యాటరీకీ బాడీకీ మధ్య స్ట్రాప్ గానీ తుప్పు పట్టినట్టే. అది సరిగ్గా ఉన్నా కుయ్య్ మిగిలితే డైనమో డీ టెర్మినల్‌కీ డైనమో బాడీకీ మధ్య 1 మైక్రోఫారడ్ సప్రెసర్ కెపాసిటర్. డీ అంటే లావు వైరు ఉన్నది. ఎఫ్‌కి మాత్రం పెట్టొద్దు, కటౌట్ బాక్సులోని రెగ్యులేటర్ పాయింట్లు కాలతాయి.

డైనమో_బాబాయ్:
టకటకకి ఇంకో 1 మైక్రోఫారడ్ కాయిల్ మీద, ఇగ్నిషన్ నుంచి వైరు వచ్చే వైపు. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే వైపు పెడితే పాయింట్ల కండెన్సర్‌తో కలిసిపోయి స్పార్క్ చచ్చిపోతుంది. రాగి తీగ ప్లగ్ వైర్లు ఉంటే కార్బన్ సప్రెషన్ వైర్లు వేయండి, లేదా 5 కిలో ఓమ్‌ల క్యాపులు. రెండూ వద్దు, ఒకటి చాలు. బానెట్ కీలు గ్రీజు వల్ల బాడీతో సరిగా కలవదు, దానికీ ఒక చిన్న జడ స్ట్రాప్ వేయండి. ఏరియల్ మొదట్లో పైజాలీ బాడీకి తగలాల్సిన చోట పెయింట్ ఉందేమో కూడా చూడండి, చాలాసార్లు అసలు దొంగ అదే.

నెల్లూరు_మార్క్2:
ఏరియల్ కింద నిజంగానే పెయింట్ ఉంది! గీకి బిగించాక టకటక చాలా తగ్గింది, కాయిల్ కండెన్సర్‌తో పూర్తిగా పోయింది. కుయ్య్ సెట్ నల్ల వైరు చోటు మార్చగానే మాయం. డైనమో కెపాసిటర్ అవసరం పడలేదు. ఒక్కటే మిగిలింది: ఎఫ్‌ఎంలో 102.8 దొరకట్లేదు, 102.7 తర్వాత 102.9కి దూకుతోంది.

పాటల_పెట్టె:
రీజియన్ అమెరికాకి పెట్టి ఉంది. అక్కడ స్టెప్ 200 కిలోహెర్ట్జ్, చివరి అంకె బేసిలోనే ఆగుతుంది. సెట్టింగ్స్‌లో ఆసియా లేదా యూరప్ పెట్టండి. దాంతో మీడియం వేవ్ స్టెప్ కూడా 10 నుంచి 9 కిలోహెర్ట్జ్‌కి మారుతుంది. అది మారకపోతే ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837 దొరకవు. క్లాస్ డీ యాంప్లిఫయర్ పెట్టనందుకు మీడియం వేవ్ వినేటప్పుడు సంతోషిస్తారు. ఆ రకంలో కొన్ని ఆ బ్యాండునంతా గోలతో నింపేస్తాయి.

ఆంపియర్_లెక్క:
వారానికోసారి తీసే బండి కాబట్టి చివరి పరీక్ష ఒకటి చేయండి. ఇగ్నిషన్ ఆఫ్, తలుపులు మూసి, బ్యాటరీ మైనస్ వైరు తీసి మధ్యలో మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజ్‌లో. సెట్ నిద్రపోయాక 10 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. 100 కనిపిస్తే ఎర్ర, పసుపు వైర్లు ఒకేచోట కలిపారన్నమాట, రిలే దగ్గర చూడండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

నెల్లూరు_మార్క్2:
8 మిల్లీఆంపియర్లు. పార్సెల్ ట్రే పాత అట్టని కాగితంలో చుట్టి అటక మీద పెట్టాను.